సంకల్ప గోపనము

ఒక కార్యము తలపెట్టినవాడు దానిని ముందే నలుగురికి చాటవలెనా, నెరవేరువరకు మౌనము వహింపవలెనా? దిష్టి తగులునని దాచుకొనువారు కలరు. ఆ భయముతో మనకు పనిలేదు. విచారింపవలసిన కారణము వేరొకటి కలదు.

శ్రీసిటీకి దక్షిణముగా, చెన్నై–అరక్కోణం రైలుమార్గమున తిరునిన్రవూరు అను ఊరు కలదు. పూసలారు నాయనారు అచ్చటివాడు. ఆయన వృత్తాంతమును 12వ శతాబ్దమున సేక్కిళారు పెరియపురాణమునందు చెప్పెను. శివాలయము కట్టవలెనని పూసలారు ధనమునకై ఎంత యత్నించినను దొరకలేదు. అంతట మనసులోనే కట్ట మొదలిడెను. అది ఒక్క ఊహలో లేచిన గుడి కాదని పాఠకులు గమనింతురు గాక. ద్రవ్యము కూర్చి, శిల్పులను పిలిచి, శుభదినమున పునాది వేసి, వరుసపై వరుస లేపి, శిఖరమెత్తి, సున్నము పూసి, బావి త్రవ్వి, ప్రాకారము కట్టి – అన్నియు మనసునందే, క్రమము తప్పక, రాత్రులు సైతము నిద్రమాని చేసెను.

కంచిలో రాతిగుడి కట్టించిన పల్లవరాజు ప్రతిష్ఠకు అదే దినమును నిర్ణయించెను. ముందటి రాత్రి శివుడు కలలో కనిపించి, మరునాడు తాను పూసలారు గుడికి పోవలసియున్నదని, ప్రతిష్ఠను వేరొక దినమునకు మార్చుమని చెప్పెను. రాజు తిరునిన్రవూరు వచ్చి ఆ గుడి ఏదని అడుగగా, అట్టిది ఇచ్చట లేదనిరి. ఇరుగుపొరుగువారికే తెలియదు! నేడచ్చట హృదయాలీశ్వరాలయము కలదు.

2009లో పీటర్ గోల్‌విట్జరు, ఆయన సహచరులు ప్రకటించిన ప్రయోగములు ఈ విషయమునే తాకినవి. న్యాయవాదులు కాగోరు విద్యార్థులు మొదలగువారిలో, తమ సంకల్పమును ఇతరులు గుర్తించినవారు గుర్తింపనివారికంటె తక్కువ శ్రమించిరి. ఎదుటివాడు తలయూపగనే ఆ పదవి కొంత చేతికందినట్లు తోచుటయే కారణమని వారి వివరణ.

2008లో ప్రారంభమైన శ్రీసిటీ కర్మాగారములలో షిఫ్టులవారీగా పనిచేయుచు పైచదువునకో, పోటీపరీక్షకో సిద్ధపడు యువతకు ఇది పనికివచ్చు మాట. గదిలోని తోటివారు నేడే “ఆఫీసరు గారూ” అని పిలిచిన, ఆ రాత్రి పుస్తకము తెరచుట కష్టము. అయితే అందరియొద్దను దాచుట నాకు సమ్మతము కాదు. తనకంటె అధికుడని తలచినవానికి లక్ష్యమును తెలిపినవారిలో పట్టుదల హెచ్చినట్లు 2020లో వెలువడిన వేరొక పరిశోధన చెప్పుచున్నది. కావున తప్పు దిద్దగల గురువునకు చెప్పవచ్చును. ఇక పరీక్షరుసుము ఇంటిఖర్చునుండి తీయవలసివచ్చినచో, తల్లికో భార్యకో ముందే తెలుపవలెను. అచ్చట మౌనము సాధన కాదు, వంచన.