ఇంటిపేరు ముందా, వెనకా?

ప్రశ్న: ఆదిలాబాద్ రిమ్స్‌లో హౌస్ సర్జన్‌ని. ఉట్నూరు గోండు గూడేల్లో సికిల్ సెల్ జబ్బు మీద వ్యాసం రాశాను. రెఫరెన్సులు వాంకోవర్ పద్ధతిలో లేవని పత్రికవాళ్లు తిప్పి పంపారు. ఎలా సరిచేయాలి?

జవాబు: దిగులు పడకండి, ఇది సరిదిద్దుకోగలిగిందే. వైద్య పత్రికల సంపాదకులు 1978లో కెనడాలోని వాంకోవర్‌లో కూర్చుని కుదుర్చుకున్న పద్ధతి ఇది. వ్యాసంలో ఏ మూలం ముందొస్తే దానికి 1, తర్వాతదానికి 2. అదే మళ్లీ వస్తే పాత అంకే వేయాలి. చివరి జాబితా కూడా ఈ అంకెల వరుసలోనే, అక్షరక్రమంలో కాదు.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది పేర్ల దగ్గర. యల్లాప్రగడ సుబ్బారావు గారు ఫిస్క్‌తో కలిసి భాస్వరం కొలిచే పద్ధతి మీద వెలువరించిన వ్యాసాన్ని ఇలా చూపాలి:

ఫిస్క్ సీహెచ్, సుబ్బారో వై. ది కలరిమెట్రిక్ డిటర్మినేషన్ ఆఫ్ ఫాస్ఫరస్. జె బయోల్ కెమ్. 1925;66:375-400.

ఇంటిపేరు పొడి అక్షరమై వెనక్కి వెళ్లింది చూడండి. ఆ అక్షరానికి ముందు కామా లేదు. రచయిత ఇంటిపేరు మీకు తెలిసినా సొంతంగా మార్చకండి. పబ్‌మెడ్‌లో ఎలా ఉంటే అలాగే రాయండి. లేకపోతే వెతికేవారికి ఆ వ్యాసం దొరకదు.

రెఫరెన్సులు సర్దే సాఫ్ట్‌వేర్ జొటేరో ఉచితంగా దొరుకుతుంది, వరుస అదే సర్దుతుంది. కానీ తప్పు వివరం ఎక్కిస్తే తప్పే అచ్చవుతుంది. మీరు చదవని వ్యాసాన్ని, పత్రిక ఉపసంహరించిన వ్యాసాన్ని ఆధారంగా చూపకండి. పంపేముందు, మీరు వ్యాసం పంపుతున్న పత్రిక తాజా సంచిక పక్కన పెట్టుకుని, ఒక్కో రెఫరెన్సూ పోల్చి చూసుకోండి.