పెరటి జమ్ము: పెంచు విధము, హద్దులోనుంచు విధము

జమ్మును ఎరుగని రైతు మన డెల్టా జిల్లాలలో లేడు. చెరువు అంచులయందును, మురుగు కాలువలయందును, కొల్లేటి లోతట్టునందును మనిషి నిలువునకు మించి పెరిగి, గోధుమరంగు కంకులెత్తి నిలుచునది ఇదియే. దీనిని పెరటిలో పెంచి లాభము పొందవచ్చునని మేము గ్రామ సంఘములలో చెప్పినపుడెల్ల సభ్యులు నవ్వుదురు. “అయ్యా, కాలువలో జమ్ము తీయించుటకు కూలి పెట్టుకొనలేకున్నాము, తమరు దానిని ఇంటికి తెచ్చి నాటుకొమ్మందురా?” అని ఒక వృద్ధ సభ్యుడు మమ్ము అడిగెను. ఆ ప్రశ్న న్యాయమైనదే. పారు నీటిలో జమ్ము శత్రువు. కట్టిన తొట్టిలో అది పనివాడు. ఈ రెంటికిని నడుమనున్న గట్టును కాపాడగలవారే దీనిని నాటవలెను. తక్కినవారు నాటకుండుటయే మేలు.

ముందుగా మొక్కను సరిగా గుర్తింపవలెను. రెల్లు ఆకు అంచు చేతిని కోయును; జమ్మాకు అంచు నునుపు. తుంగ కాడ మూడు పలకలుగా నుండును. జమ్మునకు అట్టి పలకలు లేవు. లేత వస మొక్క జమ్మువలె కనబడును గాని ఆకును నలిపిన ఘాటైన వాసన వేయును. జమ్మునకు ఆ వాసన లేదు. క్రైస్తవ వేదగ్రంథపు తెలుగు అనువాదమున శిశువైన మోషేను ఉంచిన పెట్టెను జమ్ముపెట్టె యనిరి. నైలునది యొడ్డున ఆ పనికి వాడినది పాపిరసు అను తుంగజాతి మొక్కయని పండితుల అభిప్రాయము. కావున పేరును బట్టి గాక మొక్కను చూచి తెచ్చుకొనుడు.

జమ్మాకును అడ్డముగా కోసి చూచిన తేనెపట్టువలె గదులు కనబడును. ఆ గదులగుండ గాలి నీటి అడుగుననున్న దుంపకును వేళ్లకును దిగును. వేరు చుట్టునున్న బురదకు కూడ ఆ గాలి కొంత అందును; అందుచేత అక్కడ సూక్ష్మజీవులు వృద్ధిపొంది మురికిని విరుగదీయును. నీటిని శుభ్రపరచు పనిలో మొక్కకంటె ఈ సూక్ష్మజీవులదే పెద్ద పాలు. మొక్క వానికి ఇల్లు కట్టి యిచ్చును. నీటిమొక్కలకు గల ఈ శక్తిని 1950వ దశకమున జర్మనీ దేశమున కేటె జైడెల్ అను శాస్త్రజ్ఞురాలు పరీక్షించి చూపెను. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థవారు కూడ గ్రామముల వాడుక నీటిని ఇట్టి మొక్కల మడుగులద్వారా శుద్ధిచేసి పొలములకు వాడు పద్ధతిని నడిపించిరి.

ఆకు కొరకో, కంటికి ఇంపు కొరకో పెంచువారికి ఒక సిమెంటు వర చాలును. మూడడుగుల అడ్డుకొలత గల వరను నేలపై నిలిపి, అడుగును సిమెంటుతో మూసి, చెరువు పూడిక మట్టిని అడుగు మందమున నింపవలెను. పచ్చిపేడ వేయరాదు, నీరు కుళ్లి వాసన పుట్టును. తొలకరికి ముందు, రెండు మూడు మొగ్గలు గల దుంప ముక్కలను అడుగెత్తు కాడతో తెచ్చి, మూడంగుళముల లోతున నాటి, మొదట రెండంగుళముల నీరు మాత్రమే నిలుపవలెను. పిలకలు సాగినకొలది ఆరంగుళముల వరకు పెంచవచ్చును. నిలిచిన నీరు దోమలకు తావు గనుక తొట్టిలో గప్పీ చేపలను విడువవలెను. పూర్తి యెండ తగులు చోటు దీనికి ముఖ్యము. చెట్టు నీడను జమ్ము సన్నగిలును.

ఇంతకంటె అక్కరగల పని వేరొకటి కలదు. స్నానపు నీరును, వంటింటి నీరును పెరటిలో మడుగుకట్టి నిలుచుట మన యిండ్లలో అనేకచోట్ల చూచుచున్నాము. బోదకాలు వ్యాధిని వ్యాపింపజేయు క్యూలెక్సు దోమ అట్టి మురికి నీటియందే గ్రుడ్లు పెట్టును. ఆ నీటిని జమ్ము మడిలోనికి మరల్చుడు. ఐదుగురున్న ఇంటికి పండ్రెండు అడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, రెండడుగుల లోతు గల గుంట తగును. మంచినీటి బావికి ఏబది అడుగులకు తక్కువ కాకుండ దూరముగా త్రవ్వి, అడుగును గోడలను సిమెంటుతో పూయవలెను. పలుచని టార్పాలిను పరచినవారున్నారు గాని, జమ్ముదుంప మొన వాడియైనది. అది పొడుచుకొనిపోయినచో మురికినీరు బావివైపు దిగును. ఇక్కడ పొదుపు చేయవలదు.

నీరు ప్రవేశించు చివరను, వెలుపలికి పోవు చివరను పెద్ద కంకరయు, నడుమ అరంగుళపు కంకరయు నింపవలెను. వెలుపలికి పోవు గొట్టమును మీదికి వంచి, నీటిమట్టము కంకర పైభాగమునకు రెండంగుళములు దిగువనే యుండునట్లు అమర్చవలెను. ఈ గుంటకు ప్రాణము ఆ రెండంగుళములే. నీరు బయటికి కనబడనిచో దోమకు చోటు లేదు. ఎప్పుడైన కంకరమీద నీరు తేలినచో, నీరు దిగు చోట కంకర మూసికొనిపోయెనని తెలిసికొని, అక్కడి కంకరను తీసి కడిగి మరల వేయవలెను. వంటింటి నీరు నేరుగా రాకుండ ముందొక చిన్న తొట్టి కట్టి, అందు జిడ్డును మెతుకులును నిలుపుకొని వారమునకొకసారి తీయుచుండవలెను. ఈ పని చేయుటకు బద్ధకించు ఇంటిలో గుంట ఎంత చక్కగా కట్టినను నిలువదు.

దుంపలను రెండడుగుల ఎడమున నాటి, మొదటినెల మంచినీరే పెట్టి, పిలకలు బలపడిన పిమ్మట వాడుక నీటిని క్రమముగా వదలవలెను. మరుగుదొడ్డి నీటిని దీనిలోనికి విడువరాదు. వెలుపలికి వచ్చిన నీరు కొబ్బరికిని అరటికిని పనికివచ్చును. పచ్చిగ తిను ఆకుకూరలకు పెట్టరాదు. వేసవిలో ఇంటివారు ఊరికి పోవునపుడు గుంట ఎండకుండ ఇరుగుపొరుగువారితో రెండు మూడు కావిళ్ల నీరు పోయించుకొనవలెను. మురికినీటి జమ్మును పశువులకు మేపవలదు. నీటిలోని సీసమువంటి విషలోహములు ఉన్నచో దుంపలో చేరును.

ఆకు పచ్చగా, పూర్తి పొడవున నున్నపుడే కోసి నీడను ఆరబెట్టిన చాపలకును, తాళ్లకును, పాక కప్పునకును పనికివచ్చును. కోయునపుడు మోడు నీటిమట్టముకంటె జానెడు మీదికి ఉండవలెను. మోడు నీట మునిగినచో దుంపకు గాలి అందక కుళ్లిపోవును. పెరటిలో పోగొట్టుకొనరాని ఈ సూత్రమే కాలువలో మన ఆయుధము. కంకి తొడిగి ముదరకమునుపు జమ్మును నీటిమట్టమునకు మూడు నాలుగంగుళములు దిగువగా కోసి, మరల తలయెత్తిన పిలకలను నెల తరువాత అట్లే కోసినయెడల మిక్కిలి భాగము చచ్చును. పైపైన కోసి వదలిన కూలి వ్యర్థము.

ఇక కంకి సంగతి. ఒక్క కంకిలో లక్షకు మించిన గింజలుండవచ్చును. ఒక్కొక్కటి దూదిపోగుతో గాలికెగిరి, తడి బురద కనబడినచోట మొలచును. వేసవిలో నీరు తీసిన మురుగు కాలువ అడుగు దానికి సిద్ధముగా నున్న నారుమడియే. మీ పెరటి కంకి పగిలినచో నష్టపడువాడు మీరు కారు; కాలువ చివర ఎకరము పొలము పెట్టుకొని, పై రైతులు వదలిన నీటికై రాత్రులు మేలుకొను తోటి సభ్యుడు. జమ్ము పూడ్చిన కాలువలో వానికి నీరు చేరదు, వాన కాలమున వాని చేనిలోని మురుగు దిగదు. కావున కంకి ఆకుపచ్చ వదలి గోధుమరంగునకు తిరుగగనే, వ్రేలితో నొక్కిన గట్టిగా నుండగనే, కోసి పొయ్యిలో పెట్టవలెను. అలంకారమునకని ఎండబెట్టి గోడకు తగిలించినది కొన్నాళ్లకు పగిలి ఇల్లంత దూదియగును.

రెండేండ్లకొకసారి తొట్టిలోని దుంపలను సగము తీసివేయవలెను. లేనియెడల ఒత్తిడిచే ఆకు పొట్టిపడును. తీసిన దుంపలను బోదెలోగాని చెరువు గట్టునగాని పారవేయరాదు; చిన్న ముక్కయైనను తడి తగిలిన చిగుర్చును. వానిని కళ్లమునందు పలుచగ పరచి, విరిచిన పెళుసుగా విరుగువరకు ఎండించి, ఆ మీదనే ఎరువు గుంటలో వేయుడు.