పాఠం 14: నిన్నటి బ్రెడ్డుతో బ్రుస్కెట్టా

ఈ పాఠం చదివిన తరువాత మీరు గట్టిపడిన బ్రెడ్డును కరకరలాడేలా కాల్చి, దానిపై టమాటా పెట్టి వడ్డించగలుగుతారు. ఏ బ్రెడ్డు తినవచ్చునో, దేనిని పారవేయాలో చెప్పగలుగుతారు.

14.1 పరిచయం

1959లో ఉక్కు కర్మాగారం తొలి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగిన భిలాయిలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడి స్మృతి నగర్‌లో మీ ఇల్లు ఉందనుకోండి. నిన్నటి బ్రెడ్డు సగం మిగిలి గట్టిపడింది. సాయంత్రం చుట్టాలు వస్తున్నారు. ఏం చేస్తారు?

ఇటలీవారు ఇలాంటి బ్రెడ్డును కాల్చి, వెల్లుల్లి రుద్ది, ఆలివ్ నూనె, ఉప్పు వేసి తింటారు. అదే బ్రుస్కెట్టా. రోము ప్రాంతపు మాటలో 'బ్రుస్కారె' అంటే నిప్పులపై కాల్చడం. టమాటా తరువాత చేరింది. అది 16వ శతాబ్దంలో అమెరికా ఖండాల నుంచి ఐరోపాకు వచ్చిన పంట. చిన్న, పలుచని ముక్కలతో చేస్తే క్రోస్తీని అంటారు.

ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నవారికి ఇది మరీ పరాయి రుచి కాదు. బియ్యపు పిండిని ఆకుల మధ్య పెట్టి నిప్పులపై కాల్చే అంగాకర్ రొట్టె, పతాల్ చట్నీ మీరు తినే ఉంటారు. అక్కడి మాటలో పతాల్ అంటే టమాటాయే.

14.2 గట్టిపడటం వేరు, బూజు వేరు

బ్రెడ్డు గట్టిపడితే చెడిపోయినట్లు కాదు. అందులోని పిండిపదార్థం బిగుసుకుంటుంది. వేడి తగిలితే కొంతసేపు మెత్తబడుతుంది కూడా. బూజు సంగతి అలా కాదు. పైకి ఒక మచ్చే కనబడినా దాని పోగులు లోపలికి పాకి ఉంటాయి. మచ్చను కోసివేసి మిగతాది కాల్చుకుందామనుకోకండి. వానాకాలంలో ప్రతి ముక్కను వెలుతురులో తిప్పి చూడండి.

14.3 చేసే విధానం

నలుగురికి 8 ముక్కలు, 4 గట్టి టమాటాలు, 2 వెల్లుల్లి రెబ్బలు, 3 చెంచాల నూనె చాలు. ఆలివ్ నూనె ఖరీదు ఎక్కువ. నువ్వుల నూనె వాడండి. ఆవనూనె పచ్చిగా వేస్తే ఘాటు, నా మటుకు నచ్చదు.

టమాటాలలో గింజలు తీసి సన్నగా తరిగి, ఉప్పు కలిపి, జల్లెడలో 15 నిమిషాలు ఉంచండి. కారిన రసం చారులో పోయండి. ఈ మెట్టు వదిలితే బ్రెడ్డు నానిపోతుంది.

పెనంపై నూనె లేకుండా, సన్నని సెగమీద రెండువైపులా కాల్చండి. తీపి బ్రెడ్డు త్వరగా మాడుతుంది, పక్కనే ఉండండి. వేడిమీదనే కోసిన వెల్లుల్లి రుద్దండి. గరుకు ముక్క వెల్లుల్లిని కోరాములా అరగదీస్తుంది. నూనె చిలకరించి, కొత్తిమీర కలిపిన టమాటా పెట్టండి. వడకట్టిన పెరుగు, మెదిపిన ఉడికిన శనగలు కూడా బాగుంటాయి.

జాగ్రత్త: పచ్చి వెల్లుల్లిని నూనెలో వేసి రోజుల తరబడి బయట నిల్వ ఉంచకండి. గాలి తగలని ఆ నూనెలో ప్రాణాంతకమైన విషాన్ని పుట్టించే సూక్ష్మజీవి పెరగవచ్చును. వాసన, రంగు మారకపోవచ్చును కనుక చూసి కనిపెట్టలేరు.

టిఫిను బండిపై అమ్మదలచినవారు కాల్చిన ముక్కలను, టమాటాను వేర్వేరు గిన్నెలలో ఉంచి, కొనేవారు అడిగినప్పుడే కలపాలి.

పాఠగత ప్రశ్నలు

1. టమాటాకు ముందుగా ఉప్పు ఎందుకు కలపాలి?
2. బూజు మచ్చను కోసివేస్తే ఎందుకు చాలదు?
3. మీ ఇంట్లో మిగిలే ఏ కూరను ఈ ముక్కలపై పెట్టవచ్చును? అందులోని నీటిని ఎలా తగ్గిస్తారు?