గెలిచిన టికెట్టు సొమ్ము చేతికి రావాలంటే

అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో ఉన్న లాస్‌వేగస్ క్యాసినోల్లో ఆటల మీద పందెం కాయడం చట్టబద్ధమే. చూడ్డానికి వెళ్లిన మనవాళ్లూ సరదాగా ఓ టికెట్టు తీసుకుంటుంటారు. జట్టు గెలుస్తుంది, సొమ్ము మాత్రం కౌంటరు దగ్గర ఆగిపోతుంది. అక్కడ డబ్బిచ్చేది మన ముఖం చూసి కాదు, కాగితం చూసి. అందుకే జాగ్రత్త పందెం కాసినప్పుడే మొదలవ్వాలి.

1. కౌంటరు వదలకముందే చదవండి
జట్టు పేరు, తేదీ, కాసిన సొమ్ము, రేటు సరిచూసుకోండి. రేటు -110 అని ఉంటే 110 డాలర్లకు గెలుపు 100. అసలుతో కలిపి 210 రావాలి. ఏది తప్పు పడినా అక్కడికక్కడే మార్పించుకోండి. ఆట మొదలయ్యాక ‘నేను అడిగింది వేరే జట్టు’ అంటే వినేవాళ్లుండరు.

2. కాగితం కాపాడుకోండి
ఏటీఎం స్లిప్పులాగే ఇదీ థర్మల్ కాగితం. నెవాడా ఎండలో కారులో వదిలేస్తే నల్లబడి అక్షరాలు కనిపించకుండా పోతాయి. రెండు వైపులా ఫొటో తీసి ఉంచుకోండి. గెలిచామన్న సంబరంలో బార్‌కోడ్ కనిపించే ఫొటోను మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.

3. మిషన్ తిప్పికొడితే
క్యాసినో కంప్యూటర్లో ఫలితం ఎక్కేదాకా సొమ్ము చెల్లించే మిషన్ టికెట్టు తీసుకోదు. కాసేపు ఆగి కౌంటరుకే వెళ్లండి. పాయింట్ల తేడా మీద కాసిన పందెంలో ఆ తేడా టికెట్టు మీదున్న అంకెకు సరిగ్గా సమానమైతే అది ‘పుష్’. అసలు మాత్రమే తిరిగొస్తుంది. వానకు ఆట మధ్యలో ఆగిపోతే పందెం నిలుస్తుందా లేదా అన్నది ఆ క్యాసినో ‘హౌస్ రూల్స్’ చెబుతాయి. వాదనకు దిగేముందు అవి చదవండి.

4. గడువు దాటనివ్వకండి
నెవాడా నిబంధనల ప్రకారం ఆట ముగిశాక కనీసం 30 రోజులు టికెట్టు చెల్లాలి. క్యాసినో ఇంకా ఎక్కువ గడువు ఇవ్వొచ్చు. ఎంతన్నది టికెట్టు మీదే ఉంటుంది. ఊరు వదిలి వచ్చేస్తే పోస్టులో పంపొచ్చు. గుర్తింపు పత్రాలు జతచేసి, రసీదు వచ్చే పద్ధతిలో పంపండి. అన్నీ సక్రమంగా అందితే 10 రోజుల్లో చెల్లించాలి.

5. టికెట్టు పోతే
వెంటనే కౌంటరులో చెప్పండి. ఫొటోలోని టికెట్టు నంబరు, కాసిన సమయం, ఆ క్యాసినో ప్లేయర్స్ కార్డు ఉంటే దాని వివరాలు ఇవ్వండి. ఈలోగా ఆ టికెట్టు దొరికినవాడు వచ్చి డబ్బు తీసుకుంటే మీ దావా నిలవడం కష్టం.

6. డబ్బు ఇవ్వం అంటే
ముందు సూపర్‌వైజర్‌ను పిలిపించి కారణం అడగండి. తేలకపోతే నెవాడా గేమింగ్ కంట్రోల్ బోర్డు ఉంది. వివాదం 500 డాలర్లు, ఆపైన అయితే క్యాసినోయే వెంటనే బోర్డుకు తెలపాలి. అంతకు తక్కువైతే, విచారణ కోరే హక్కు మీకుందని చెప్పాలి. బోర్డు ఏజెంటు 45 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. అది నచ్చకపోతే 20 రోజుల్లో పునఃపరిశీలన కోరవచ్చు. ఇదంతా తేలేదాకా అసలు టికెట్టు చేజార్చుకోకండి.

7. తక్కువిచ్చారని కంగారు పడకండి
పెద్ద గెలుపులో పన్ను కోసి ఇవ్వొచ్చు. అమెరికాలో పన్ను నివాసులు కాని మనవాళ్లకు ఆ పన్ను 30 శాతం. కోత వివరాల పత్రం అడిగి తీసుకోండి.

లైసెన్సు ఉన్న చోట కాబట్టే ఇన్ని మెట్లున్నాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025లో కేంద్రమూ చట్టం తెచ్చింది. దొంగచాటు యాప్‌లో గెలిచిన సొమ్ము ఎగ్గొడితే ఇప్పించమని అడగడానికి ఏ బోర్డూ లేదు. వాటి జోలికి పోకండి.