ఊపిరి ఎందుకు ఆగింది? స్లీప్ ఆప్నియాను యంత్రం గుర్తించే తీరు

నిద్రలో శ్వాస కనీసం 10 సెకన్లు ఆగితే ఆప్నియా. గొంతు కండరాలు సడలి వాయుమార్గం మూసుకుపోతే అది అబ్‌స్ట్రక్టివ్ రకం. ఛాతీ కదులుతూనే ఉంటుంది, గాలి మాత్రం లోపలికి వెళ్లదు. సెంట్రల్ రకంలో మెదడు నుంచి శ్వాస కండరాలకు ఆదేశమే రాదు. ఈ తేడా బాగా గుర్తుపెట్టుకోవాలి. మిగతా విషయమంతా దీని మీదే ఆధారపడి ఉంది.

1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సలివన్ బృందం పరిచయం చేసిన సీప్యాప్, మాస్క్ ద్వారా నిరంతర పీడనంతో గాలి పంపి గొంతును తెరిచి ఉంచుతుంది. పీడనాన్ని తామే మార్చుకునే నేటి ఆటోమేటిక్ సీప్యాప్ యంత్రాలకు చిక్కు ఏమిటంటే, రెండు రకాల్లోనూ గాలి ప్రవాహం ఆగిపోయినట్టే కనిపిస్తుంది. అందుకే ఊపిరి ఆగిన కొద్ది సెకన్లకు కొన్ని యంత్రాలు సెకనుకు 4 చొప్పున సూక్ష్మ పీడన తరంగాలు పంపుతాయి. మరికొన్ని విడివిడిగా పీడన పల్స్‌లు పంపుతాయి. మార్గం తెరిచి ఉంటే వాటికి తగ్గట్టు గాలి అటూ ఇటూ కదులుతుంది, మూసుకుంటే కదలదు. మూసుకుందని తేలితే యంత్రం పీడనం పెంచుతుంది. తెరిచి ఉంటే పెంచదు, ఎందుకంటే ఎక్కువ పీడనం కొందరిలో సెంట్రల్ ఆప్నియాను ప్రేరేపిస్తుంది.

అయితే యంత్రం చూసేది మార్గాన్నే, మెదడు ఆదేశాన్ని కాదు. సెంట్రల్ ఆప్నియాలోనూ గొంతు మూసుకోవచ్చు. అప్పుడు లెక్క తప్పుతుంది. అందుకే రకాన్ని తేల్చడానికి, ఛాతీ, పొట్టలకు బెల్టులు కట్టి శ్వాస ప్రయత్నాన్ని కొలిచే పాలీసోమ్నోగ్రఫీయే ప్రామాణిక పరీక్ష.