దుకాణం లెక్కలకు ఉచిత సాఫ్ట్‌వేర్

క్యాష్ క్రెడిట్ పొందిన డీలరు బ్యాంకు విధించిన గడువులోగా స్టాక్ స్టేట్‌మెంటు సమర్పించవలెను. గోవింద్‌పూర్ మొదలుకొని జంషెడ్‌పూర్ ప్రాంతమంతటా ఉన్న తెలుగు వ్యాపారులకూ ఇదే నియమం. ఆ లెక్కలు అనుమతి లేని నకలు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నచో చట్టపరమైన చిక్కులు కలుగవచ్చు. దానితో వచ్చే వైరస్ వలన ఏడాది ఖాతాలు ఒక్కరోజులో నశించవచ్చు. సొమ్ము చెల్లించకుండానే సక్రమంగా పొందదగిన సాఫ్ట్‌వేర్ కలదు.

1. విండోస్: పట్టికలకు, ఉత్తరాలకు లిబ్రెఆఫీస్, జమాఖర్చులకు గ్నూక్యాష్. లిబ్రెఆఫీస్‌ను తెలుగులోనూ వాడవచ్చు.

2. లినక్స్: ఈ ఆపరేటింగ్ సిస్టమే ఉచితం. విండోస్ 10కు సాధారణ భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. అట్టి పాత కంప్యూటరును పారవేయక, లినక్స్ వేయించుకొనవచ్చు. పై రెండు సాఫ్ట్‌వేర్‌లూ ఇందులో పనిచేయును.

3. మ్యాక్: ఇందులోనూ ఆ రెండే చాలును.

ఒకచోట తయారైన ఫైలు మూడింటిలోనూ తెరచుకొనును గనుక కంప్యూటరు మారినా ఖాతాలు చెడవు. అయితే సాఫ్ట్‌వేర్‌ను దాని అధికారిక వెబ్‌సైటు నుండి మాత్రమే తీసుకొనవలెను. వారానికొకసారి లెక్కల ప్రతిని పెన్‌డ్రైవ్‌లో భద్రపరచి, దానిని దుకాణంలో గాక ఇంటివద్ద ఉంచుట శ్రేయస్కరం.