సముద్ర వైరం – ఓడ దోపిడీ: శాతవాహనుల నుంచి కాకతీయుల దాకా

స్థానిక లింకు: ధూళికట్ట బౌద్ధ స్తూపం – పెద్దపల్లి జిల్లా (రామగుండం, గోదావరిఖని ఈ జిల్లాలోవే). కోటిలింగాల – జగిత్యాల జిల్లా, గోదావరి తీరం. శాతవాహన రాజు శ్రీముఖుడి నాణేలు దొరికిన చోటు.

శాతవాహనులు × క్షత్రపులు
- ఆధారం: 'పెరిప్లస్ ఆఫ్ ది ఎరిత్రియన్ సీ', క్రీ.శ. 1వ శతాబ్దం; రచయిత పేరు తెలియదు.
- కల్యాణ్ రేవుకు ఆటంకం. అక్కడికి చేరిన గ్రీకు ఓడలను కాపలాతో బరుకచ్ఛానికి (భరూచ్) తరలించేవారు.
- సముద్ర దొంగల భయంతో ఓడల్లో విలుకాండ్రు: ప్లినీ.
- క్షత్రప రాజు నహపాణుడి వెండి నాణేలపై తన ముద్ర వేయించినది గౌతమీపుత్ర శాతకర్ణి (జోగల్‌తంబి నిధి).
- ఓడ బొమ్మ నాణేలు: యజ్ఞశ్రీ శాతకర్ణి. ★

మోటుపల్లి అభయ శాసనం ★★
- 1244–45, కాకతీయ గణపతిదేవుడు. నేటి బాపట్ల జిల్లా.
- పూర్వపు రాజులు తుపానుకు ఒడ్డున పడ్డ ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు లాక్కునేవారు. గణపతిదేవుడు దాన్ని ఆపి, నిర్ణీత సుంకమే ఉంచాడు.
- సుంకం: ఎగుమతి, దిగుమతులపై 30కి 1.
- మార్కోపోలో 'ముత్ఫిలి' = మోటుపల్లి.
- 1358 మోటుపల్లి శాసనం: రెడ్డిరాజు అనపోతారెడ్డి.

ప్రపంచ చరిత్రలో సముద్ర వైరం: ఎట్రుస్కన్ నౌకాదళాన్ని క్రీ.పూ. 474లో క్యూమే వద్ద ఓడించినది సిరక్యూస్ పాలకుడు మొదటి హైరాన్.

గమనిక: పరీక్షలో 1244, 1358 తారుమారు చేసి అడగొచ్చు, రాజు పేరుతో జతచేసి చదవండి.